చర్చి వెనుక గోడకు కూడా ఒక ఫోటో

ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ పాలన నాటి చర్చిలను చూడడానికి వెళ్లేవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట నిలబడి ఒకే ఫోటో తీస్తారు. ఎదుటి మైదానంలో, సింహద్వారానికి సరిగ్గా నడిమధ్యన నిలబడి, గంట గోపురం మొత్తం పడేట్టు, పైన కాస్త ఆకాశం వచ్చేట్టు తీసే ఫోటో అది. నేనూ తీస్తాను, తీయవద్దని ఎవరికీ చెప్పను. కానీ ఆ ఒక్క ఫోటోతో చర్చిని చూడడం పూర్తయిందనుకుని వ్యాను ఎక్కేస్తే, ఆ కట్టడం గురించి తెలుసుకోవలసినదాంట్లో ముఖ్యమైన భాగం అక్కడే ఉండిపోతుంది. కెమెరా చేతిలో ఉన్న మనిషి ఆ గోడలకు చేయగలిగిన అసలైన మేలు కూడా చేయకుండానే వెనుదిరిగినట్టవుతుంది. పక్క గోడలనూ, వెనుక గోడనూ, పగుళ్లనూ, అతుకులనూ, ఎవరూ పట్టించుకోని మూలలనూ ఓపికగా ఫోటో తీయడం ఈ చర్చిలను సందర్శించే ప్రతి ఒక్కరి బాధ్యత అన్నది నా వాదన.

ఉద్యోగరీత్యా మనీలాలో ఉంటున్న నాకు సెలవు దొరికితే ఈ చర్చిల చుట్టూ తిరగడం అలవాటైంది. ఫిలిప్పీన్స్ అనగానే మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామందికి వైద్య కళాశాలలే గుర్తుకొస్తాయి. దావావ్‌లోనూ, సెబూలోనూ, మనీలాలోనూ చదువుకుంటున్న తెలుగు పిల్లలు సెలవుల్లో బోహోల్ దీవికో, ఇలోకోస్‌కో బయలుదేరుతుంటారు, అప్పుడప్పుడు వాళ్లతో నేనూ కలుస్తుంటాను. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసం, వాళ్లను చూడడానికి ఇక్కడికి వచ్చే తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

1565లో మిగెల్ లోపెజ్ దె లెగాస్పి సెబూలో దిగిన నాటి నుంచి 1898 దాకా, అంటే 333 ఏళ్లపాటు, ఈ దీవులు స్పెయిన్ ఏలుబడిలో ఉన్నాయి. ఊరు కట్టాలంటే ముందు ఒక మైదానం, దాన్ని ఆనుకుని చర్చి, ప్రభుత్వ కార్యాలయం, ఆ చుట్టూ ఇళ్లు ఉండాలని స్పెయిన్ రాజు 1573లో తన వలస రాజ్యాలకు శాసనం చేశాడు. ఏటి ఒడ్డుల్లోనూ కొండ వాలుల్లోనూ చెదురుమదురుగా బతుకుతున్న జనాన్ని తెచ్చి, చర్చి గంట వినిపించేంత దూరంలో కాపురం పెట్టించారు. ఆ ఏర్పాటు ఈనాటికీ చెరిగిపోలేదు, ఏ పాత ఊరికి వెళ్లినా మైదానమూ చర్చీ ఎదురవుతాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో నూటికి 79 మంది కాథలికులు. కాబట్టి ఈ చర్చిలు పాడుబడిన కోటల వంటివి కావు, తెల్లవారుజామున పూజ, ఆదివారం జ్ఞానస్నానాలు, సాయంత్రం పెళ్లిళ్లు, మధ్యలో ఒక అంత్యక్రియ, ఇలా రోజూ పనిలో ఉండే కట్టడాలు.

వీటిలో నాలుగింటిని యునెస్కో 1993లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మనీలాలోని సాన్ అగుస్తీన్, ఉత్తరాన ఇలోకోస్ నోర్తె ప్రావిన్సులోని పావాయ్ చర్చి, ఇలోకోస్ సూర్‌లోని శాంతా మరియా, విసయాస్ ప్రాంతపు ఇలోయిలో ప్రావిన్సులోని మియాగావ్ ఆ నాలుగు. నా వాదనకు పావాయ్‌ను మించిన ఉదాహరణ లేదు.

పావాయ్‌లో ముఖభాగం ఫోటో తీసుకుని వెనుదిరుగుతున్న మన కుర్రాడొకడు, నేను పక్కకు నడుస్తుంటే, "అన్నా, ముందు వైపు బాగుంది కదా, అటు గడ్డి తప్ప ఏముంటుంది?" అని అడిగాడు. "ఇటు రా తమ్ముడూ, చర్చిని నిలబెట్టినవి ఇటే ఉన్నాయి" అన్నాను. పక్కలనూ వెనుకనూ కలిపి అక్కడ 24 ఊతగోడలు ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 1.67 మీటర్ల మందం, కింద విశాలంగా మొదలై మెట్లు మెట్లుగా పైకి సన్నబడుతూ కప్పు దగ్గరకు చేరుతుంది. వాటిని దూరం నుంచి చూసి అలంకారమనుకునేవాళ్లు చాలామంది. అవి భూకంపానికి ఇచ్చిన జవాబు. భూమి ఊగినప్పుడు పొడవాటి గోడ పక్కకు, బయటికి ఒరుగుతుంది. అలా ఒరగకుండా ఆ గోడను రెండు వైపుల నుంచీ పట్టి ఉంచడానికే ఇంత బరువును పక్కల్లో పేర్చారు. అందుకే ఐరోపా చర్చిల్లా ఆకాశానికి ఎగబాకకుండా పావాయ్ చర్చి నేలకు అంటిపెట్టుకుని, ఎత్తు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉంటుంది. ఆ మెట్ల ఊతగోడల మీదుగా మనుషులు పైకెక్కి, అప్పట్లో గడ్డితో నేసిన కప్పును బాగుచేసేవాళ్లని చెబుతారు. 1694లో మొదలైన పని 1710కి పూర్తయింది. గంట గోపురాన్ని చాలాకాలం తరువాత, 1793లో మొదలుపెట్టి, చర్చికి తగలకుండా కొంత దూరంలో విడిగా కట్టారు. కూలినా అది చర్చి మీద పడకూడదన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. ఈ మూడు సంగతులూ, అంటే ఊతగోడలూ, తక్కువ ఎత్తూ, విడిగా నిలిచిన గోపురమూ, ఎదుటి నుంచి తీసిన ఒకే ఒక్క ఫోటోలో అర్థం కావు. చర్చి చుట్టూ నడిచినవాడికే అవి తెలుస్తాయి.

ఆ నడకలో కాస్త ఆగి, గోడ కింది భాగానికి ముఖం దగ్గరగా పెట్టి చూడండి. కింద వేసినవి సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్లు, పైన ఇటుకలు. రాతి మీద నక్షత్రాల్లాంటి చిన్న చిన్న గుంతలు, ఒకప్పుడు పగడపు పురుగులు కాపురం చేసిన గూళ్లు, ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. కొన్నిచోట్ల గుల్ల ముక్క రాతిలోనే ఇమిడిపోయి ఉంటుంది. వాటి మధ్య అతుకులోని సున్నం చేతికి గరుకుగా తగులుతుంది. మన దగ్గర డంగు సున్నంలో కరక్కాయ నీళ్లూ బెల్లమూ కలిపినట్టే, ఇక్కడ ఇసుకా సున్నంలో చెరకు రసమూ, మామిడాకులూ వరిగడ్డీ తోలూ ఉడికించిన నీళ్లూ కలిపారని పావాయ్‌లో చెప్పుకుంటారు. ఈ దీవుల్లో మరికొన్ని చోట్ల కోడిగుడ్ల తెల్లసొన కలిపారన్న కథ ప్రతి ఊరి నోటా వినిపిస్తుంది. ఆ సంగతి చెప్పినప్పుడు ఆ కుర్రాడు, తన తాతగారి ఊళ్లో పాత ఇంటి గోడలు కూడా ఇలాగే ఉండేవని గుర్తుచేసుకుని, ఫోన్‌ను రాతికి జానెడు దూరంలో పెట్టి ఫోటో తీశాడు. ఆ రోజు తీసిన వాటిలో నాకు ఎక్కువ విలువైనదనిపించింది అదే.

ఆ రాళ్లు వాటంతట అవి సముద్రంలోంచి నడిచి రాలేదు. స్పానిష్ పాలనలో 16 నుంచి 60 ఏళ్ల లోపు మగవాళ్లు ఏటా 40 రోజులు ప్రభుత్వానికి వెట్టి చేయాలి. దీన్ని పోలో అనేవాళ్లు. 1884లో గానీ ఆ గడువును 15 రోజులకు తగ్గించలేదు. డబ్బు కట్టగలిగినవాడు తప్పించుకోవచ్చు, ఊరి పెద్దలకు మొదటి నుంచీ మినహాయింపు ఉంది, కనుక బరువంతా పేద రైతు మీదే పడేది. ఓడలు కట్టడానికి అడవిలో మాన్లు నరకడం, రోడ్లు వేయడం, చర్చిలు కట్టడం, ఇవన్నీ ఆ వెట్టితోనే సాగాయి. మెదక్ చర్చి దగ్గర కరువు రోజుల్లో పనికి తిండి దొరికిందని మనవాళ్లు ఇప్పటికీ కృతజ్ఞతగా చెప్పుకుంటారు, ఇక్కడి గోడల వెనుక అలాంటి జ్ఞాపకం వినిపించదు. పావాయ్ చర్చి పని మొదలుపెట్టించిన అగస్టీనియన్ సన్యాస సభ గురువు, అంటే చర్చి ఫాదర్, పేరు ఆంతోనియో ఎస్తవీయో అని చదువుతాం. రాళ్లు మోసినవాళ్లలో ఒక్కడి పేరూ ఏ పలక మీదా చెక్కి ఉండదు. వాళ్ల చేతుల గుర్తు ఏదైనా మిగిలిందంటే అది ఆ పక్క గోడల పేర్పులోనే మిగిలింది. ముఖభాగం కట్టించినవాడి అభిరుచిని చూపిస్తుంది, పక్క గోడ కట్టినవాడి పనిని చూపిస్తుంది.

అయితే ముఖభాగాన్ని నేను చిన్నచూపు చూస్తున్నానని అనుకోవద్దు. దగ్గరికి వెళ్లి చూస్తే కట్టినవాడి చేయి అక్కడ కూడా పట్టుబడుతుంది, మియాగావ్ అందుకు సాక్ష్యం. 1787 నుంచి 1797 వరకు పదేళ్లు కట్టిన ఈ చర్చి సముద్రం మీదుగా వచ్చే దాడుల నుంచి ఊరిని కాచే కోటగా కూడా పనిచేయాలని గోడలను ఒకటిన్నర మీటర్ల మందంతో లేపారు. దూరం నుంచి లేత పసుపు రాతి కొండలా కనిపించే ఆ ముఖభాగం మీద, త్రికోణాకారపు పై భాగంలో, బాలయేసును భుజాన మోస్తూ ఏరు దాటే పునీత (సెయింట్) క్రిస్టోఫర్ ఉన్నాడు. ఐరోపా చిత్రాల్లో ఆయన చేతిలో కర్ర ఉంటుంది, ఇక్కడ ఆయన ఒక కొబ్బరి చెట్టును పట్టుకుని నిలబడ్డాడు. దుస్తులు ఏరు దాటే రైతు పైకి మడుచుకున్నట్టే ఉన్నాయి. ఆ పక్కన కాయలతో బొప్పాయి చెట్టు, జామ చెట్టు. స్పెయిన్ నుంచి వచ్చిన గురువు పునీతుణ్ణి చెక్కమన్నాడు, చెక్కినవాడు తన పెరట్లోని చెట్లను తెచ్చి ఆ పునీతుడి చుట్టూ నాటాడు. ఇది నా ఊహ కాదు, మైదానం నుంచి ఫోటో తీసి వెళ్లిపోయేవాళ్లకు కనిపించని రాతి పని, అంతే. సాయంత్రపు వాలుటెండలో ఆ చెక్కడాల నీడలు లోతుగా పడతాయి కనుక, జూమ్ ఉన్న కెమెరాతో ఒక్కొక్క భాగాన్ని విడివిడిగా తీయడానికి అదే మంచి వేళ. రెండు గంట గోపురాలు ఒకదానితో ఒకటి సరిపోలకపోవడం కూడా అక్కడే గమనించవచ్చు.

"దోచుకున్నవాళ్ల కట్టడాలను నువ్వెందుకింత ప్రేమగా తిరిగి చూస్తున్నావు?" అని హైదరాబాదులో ఉండే మిత్రుడొకడు నాకు రాశాడు. ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేను. వెట్టి గురించి పైన రాసినదంతా నిజమైనప్పుడు, ఈ గోడల అందాన్ని మాత్రమే చూపించే ఫోటోలు ఆ నిజం మీద కప్పిన తెర అవుతాయనడంలో అతడు చెప్పింది సబబే. కానీ ఆ చర్చిలు పాలించినవాడివిగానే మిగిలిపోయాయనడం ఫిలిప్పీన్స్ జనానికి అన్యాయం చేయడం. విచారణలను, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే పారిష్‌లను, స్పెయిన్ సన్యాస సభల చేతుల్లోంచి స్థానిక గురువులకు ఇవ్వాలని పోరాడిన ఫాదర్ పెద్రో పెలాయెజ్ 1863 జూన్ 3 నాటి భూకంపంలో, మనీలా కథీడ్రల్ కూలినప్పుడు అందులోనే చనిపోయాడు. ఆయన బాటలో నడిచిన హొసె బుర్గోస్‌నూ, మరియానో గోమెస్, హసింతో సమోరా అనే మరి ఇద్దరు గురువులనూ 1872 ఫిబ్రవరి 17న స్పెయిన్ ప్రభుత్వం బహిరంగంగా చంపించింది. స్వాతంత్ర్యం కోసం తిరగబడిన జనం 1898లో తమ ప్రతినిధుల సభను మలోలోస్‌లోని బరసోఆయిన్ చర్చిలో పెట్టుకున్నారు, 1899 జనవరి 23న తొలి గణతంత్రాన్ని ప్రకటించుకున్నది కూడా అక్కడే. 1901లో సమార్ దీవిలోని బలంగిగా ఊరి చర్చి గంటలు మూడింటిని, స్పెయిన్ తరువాత ఈ దీవులను ఆక్రమించిన అమెరికా సైనికులు యుద్ధపు గుర్తుగా ఎత్తుకుపోతే, ఆ ఊరి వాళ్లు వాటిని మరిచిపోలేదు, తిరిగి ఇమ్మని అడిగారు. 2018 డిసెంబరులో అవి తిరిగి వచ్చాయి. తమ తాతలను గంట కిందికి తెచ్చి కట్టేసిన పాలన గంటలే అయినా, అవి ఊరి గంటలయ్యాయి కనుకనే 117 ఏళ్ల తరువాతైనా తిరిగి తెచ్చుకున్నారు. నేను ఫోటో తీస్తున్నది స్పెయిన్ వైభవాన్ని కాదు, ఈ జనం తమ చెమటతో కట్టి, తమ కష్టాల్లో తలదాచుకుని, తమదిగా చేసుకున్న ఇంటిని.

ఆ ఇళ్లు ఎన్నాళ్లుంటాయన్న హామీ మాత్రం లేదు, నా వాదనకు గుండెకాయ అదే. మనీలాలో స్పానిష్ వాళ్లు కట్టుకున్న కోట ఇంట్రామురోస్‌లో యుద్ధానికి ముందు ఏడు చర్చిలు ఉండేవి. 1945 ఫిబ్రవరిలో, అమెరికా, జపాన్ సైన్యాల మధ్య నగరం నలిగిపోయినప్పుడు ఆరు నాశనమయ్యాయి, 1607లో పూర్తయిన సాన్ అగుస్తీన్ ఒక్కటే నిలిచింది. నాశనమైన వాటిలో సాన్ ఇగ్నాసియో ఒకటి. 1889లో తెరిచిన ఆ చర్చికి రూపకల్పన చేసింది ఫెలిక్స్ రోహాస్. లోపలి కప్పు, స్తంభాలు, బలిపీఠాలు, ప్రసంగ పీఠం సమస్తమూ చెక్కతోనే, ఇసబెలో తంపింకో చేతి మీదుగా రూపుదిద్దుకున్నాయి. ఇద్దరూ ఫిలిప్పీన్స్ వాళ్లే. ఈనాడు ఆ చెక్కడపు పని నలుపు తెలుపు ఫోటోల్లో తప్ప ఎక్కడా లేదు. ఆ ముఖభాగాన్ని తిరిగి కట్టి, 2019లో అక్కడ ఇంట్రామురోస్ మ్యూజియం తెరిచారు. బయటి ఆకారం తిరిగి వచ్చింది, లోపల తంపింకో చెక్కిన పువ్వులూ ఆకులూ తిరిగి రాలేదు. ఆ రోజుల్లో బరువైన కెమెరాను లోపలికి మోసుకెళ్లి, మసక వెలుతురులో ఓపికగా ఫోటోలు తీసిన వ్యక్తి వల్లనే ఆ పని ఎంత గొప్పదో మనం ఈనాడు మాట్లాడుకోగలుగుతున్నాం.

సాన్ అగుస్తీన్ చరిత్రలో మన తీరానికి సంబంధమున్న చేదు అధ్యాయం ఒకటుంది, తెలుగువాళ్లు ఆ వాకిట్లో నిలబడినప్పుడు దాన్ని తెలుసుకోవడం మంచిది. 1762లో ఇంగ్లీషు వాళ్లు మనీలా మీదికి పంపిన దండు బయలుదేరింది మద్రాసు నుంచే. అందులో ఈస్టిండియా కంపెనీ సిపాయిలు కూడా ఉన్నారు. ఆ అక్టోబరులో మనీలా పడిపోయినప్పుడు సాన్ అగుస్తీన్ లూటీ అయింది. 1764లో దండు తిరిగి వెళ్లినప్పుడు కొందరు సిపాయిలు వెనక్కి వెళ్లకుండా మనీలాకు తూర్పున ఉన్న కయింతాలో స్థిరపడ్డారు, వాళ్ల వంశస్థులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఆ చర్చి గోడలు 1645, 1863, 1880 భూకంపాలను తట్టుకున్నాయి. కానీ చివరి దాంట్లో ఎడమ గంట గోపురం బీటలు వారి, తరువాత దాన్ని దించేశారు. అందుకే ఈనాడు ముఖభాగం ఒంటి గోపురంతో ఉంటుంది. లోపల పై కప్పు మీద ఉబ్బెత్తు చెక్కడాల్లా కనిపించేవన్నీ 1875లో ఇద్దరు ఇటలీ చిత్రకారులు చదును తలం మీద రంగులతో వేసిన భ్రమే. మెడ నొప్పి పుట్టేదాకా చూసినా నమ్మబుద్ధి కాదు.

2013 అక్టోబరు 15 ఉదయం 7.2 తీవ్రతతో వచ్చిన భూకంపం బోహోల్ దీవిలో ఏం చేసిందో చూసినవాళ్లకు ఈ సంగతులు పాత చరిత్రగా అనిపించవు. లోఓన్, మరిబోహోక్ చర్చిలు పూర్తిగా నేలమట్టమయ్యాయి. లోబోక్ చర్చి ముందు భాగం విరిగి, గంట గోపురం సగానికి తెగిపోయింది. బక్లయోన్ ముందు వసారా, గోపురం దెబ్బతిన్నాయి. సముద్రానికి ఆవల సెబూలో, దేశంలోనే పాత భక్తి కేంద్రమైన శాంతో నిన్యో బసిలికా గంట గోపురం కూడా కూలింది. పండుగ సెలవు కావడంతో బడులు, కార్యాలయాలు మూసి ఉన్నాయి, అయినా రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత ఏళ్ల తరబడి రాళ్లను ఏరి, విడదీసి, ఏది ఎక్కడిదో గుర్తించి తిరిగి పేర్చారు. లోఓన్ చర్చి 2021లో మళ్లీ తెరుచుకుంది. అలాంటి పని మొదలుపెట్టే ఇంజనీరుకు ఏం కావాలి? మైదానం నుంచి సూర్యాస్తమయం వేళ తీసిన వందలాది ఫోటోలు ఆయనకు ఒక్క ఫోటోతో సమానం, ఎందుకంటే అవన్నీ ఒకే కోణం. ఉత్తరపు గోడలో నాలుగో కిటికీ పైన కమాను ఎన్ని రాళ్లతో కట్టారు, వెనుక గదికీ ప్రధాన గోడకూ అతుకు ఎలా ఉండేది, పగులు భూకంపానికి ముందే ఉందా, తరువాత వచ్చిందా? వీటికి జవాబు చెప్పగలిగేది ఎవరికీ అందంగా అనిపించక ఎవరూ తీయని ఫోటో. 2025 సెప్టెంబరు 30న సెబూ ఉత్తర భాగంలో వచ్చిన భూకంపానికి మరికొన్ని పాత చర్చిలు దెబ్బతిన్నాయి. కాబట్టి ఇది ఇప్పటి అవసరమే.

దొంగతనాల సంగతి వేరు. దక్షిణ సెబూలోని బోల్‌హోన్ చర్చిలో ప్రసంగ పీఠానికి అమర్చిన చెక్క పలకలు 1980లలో మాయమయ్యాయి. 2024 ఫిబ్రవరిలో నేషనల్ మ్యూజియం, ప్రైవేటు సేకర్తలు దానంగా ఇచ్చారంటూ నాలుగు పలకలను ప్రకటించినప్పుడు, బోల్‌హోన్ వాళ్లు అవి తమవని గుర్తుపట్టారు. సెబూ అగ్రపీఠం, అంటే అక్కడి ఆర్చిబిషప్ పాలనలోని చర్చి వ్యవస్థ, వాటిని తిరిగి ఇవ్వాలని కోరింది, ఏడాదికి పైగా సాగిన వాదోపవాదాల తరువాత 2025లో పలకలు సొంత ఊరు చేరాయి. ఇలాంటి వివాదాల్లో, వస్తువు తన చోట ఉండగా తీసిన ఫోటోకు మించిన సాక్ష్యం అరుదుగా దొరుకుతుంది. చిన్న ఊళ్లలోని చర్చిల్లో దంతపు తలలున్న పునీతుల ప్రతిమలు, వెండి దీపపు కుందెలు, పాత చెక్క కుర్చీలు ఎన్నో ఉన్నాయి. వాటికి సరైన ఫోటో జాబితా ఉంటే దొంగ సొమ్ము కొనేవాడు కూడా వెనకాడతాడు. మనం తీసే ఫోటోల వల్ల దొంగలకే దారి తెలుస్తుందనే అభ్యంతరం ఉంది, అందులో కొంత నిజముంది. అందుకే విలువైన చిన్న వస్తువుల ఫోటోలను విచారణ గురువులకు ఇస్తాను, ఇంటర్నెట్‌లో పెట్టను.

ఫోటోలు తీసేవాళ్ల అభిరుచి గోడలకు హాని చేస్తుందన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఈ చర్చిల్లో చాలావాటికి మొదట సున్నపు పూత ఉండేది, దాన్ని పలిటాడా అంటారు. మెత్తటి రాయినీ ఇటుకనూ వాన నుంచి కాపాడే చర్మం అది. గత శతాబ్దపు రెండో సగంలో, ఇటుక బయటికి కనిపిస్తేనే పాతదనం ఉంటుందన్న మోజుతో, ఎన్నో చోట్ల ఆ పూతను చెక్కిపారేశారు. మరికొన్ని చోట్ల సున్నం బదులు సిమెంటు పూశారు. సిమెంటు గోడలోని తేమను బయటికి పోనివ్వదు, లోపల చిక్కిన నీరూ ఉప్పూ రాతిని పొడిపొడిగా రాల్చేస్తాయి. ఎర్రటి ఇటుక ఫోటోలో బాగుంటుందని మనం మెచ్చుకున్న కొద్దీ, పూత వేయించాలనుకునే గురువులకు ఊళ్లోనే ఎదురు మాటలు వస్తాయి. కొత్తగా సున్నం పూసి తెల్లగా మెరిసే చర్చిని చూసి "పాడుచేశారు" అని వ్యాఖ్యలు రాసేవాళ్లు, ఆ చర్చి తొలి రోజుల్లో అలాగే ఉండేదేమో ఒకసారి ఆలోచించాలని నా మనవి. బికోల్‌లోని కగ్సావా దగ్గర కూడా ఇలాంటి బాధే కలుగుతుంది. 1814 ఫిబ్రవరి 1న మయోన్ అగ్నిపర్వతం పేలి సుమారు 1,200 మందిని బలిగొన్న చోట, మట్టిలో కూరుకుపోయిన చర్చికి మిగిలిన గంట గోపురం ముందు, పర్వతాన్ని వేళ్లతో పట్టుకున్నట్టు కనిపించే ఫోటోల కోసం వరుస కడతారు. ఫోటో తీయించుకోండి, ఎవరి ఆనందం వాళ్లది. కానీ ఆ నేల కింద ఏముందో తెలుసుకుని నిలబడండి.

మర్యాదల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పూజ జరుగుతున్నప్పుడు కెమెరా సంచిలోనే ఉండాలి, ఫ్లాష్ ఎప్పుడూ వద్దు, ట్రైపాడ్ పెట్టేముందు కార్యాలయంలో అడగాలి. డిసెంబరు 16 నుంచి 24 వరకు తెల్లవారుజామున జరిగే సింబంగ్ గబి పూజలకు ఊరంతా కదిలి వస్తుంది. ఆ రోజుల్లో చర్చిని చూడాలంటే జనంతో పాటు వెనుక బెంచీలో కూర్చోవడమే సరైన పద్ధతి, పూజ అయ్యాక బయట అరిటాకు మీద కాల్చిన వేడి బిబింకా అనే బియ్యప్పిండి రొట్టె తింటూ మాట్లాడితే గోడల కథలు ఎన్నో వినిపిస్తాయి. ప్రార్థిస్తున్నవాళ్ల ముఖాలను నేను ఫోటో తీయను. రుమాలుతో తుడిచి, ముద్దుపెట్టి, రంగు అరిగిపోయిన పునీతుడి పాదాన్ని తీస్తాను, వాళ్ల భక్తికి అది చాలినంత గుర్తు.

ఇక పని ఎలా చేయాలన్నది. ఖరీదైన కెమెరా అక్కర్లేదు, ఈనాటి ఫోను చాలు. ముందు మైదానం ఫోటో ఎలాగూ తీస్తారు, తరువాత కుడివైపు నుంచి మొదలుపెట్టి చర్చి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. ప్రతి పది అడుగులకూ ఆగి, గోడకు ఎదురుగా, ఫోన్ పైకీ కిందికీ వంచకుండా, ముందు ఫోటోలో పడిన గోడలో సగానికి పైగా మళ్లీ పడేట్టు ఒక్కొక్కటి తీయండి. అలా ఒకదాని మీద ఒకటి కప్పుకునే ఫోటోలుంటే కంప్యూటర్‌లో ఆ గోడ త్రిమితీయ రూపాన్ని తయారుచేయవచ్చు. ఎండ సూటిగా పడే మధ్యాహ్నం కన్నా మబ్బు పట్టిన రోజు దీనికి మంచిది, నీడలు పగుళ్లను దాచవు. పగులు కనిపిస్తే పక్కన ఒక నాణెమో, పెన్నో పెట్టి దగ్గరగా తీయండి. లోపల కప్పు, నేల, కిటికీలకు అద్దాల బదులు అమర్చిన కాపిజ్ అనే పలచని సముద్రపు గుల్లలు, తలుపుల మేకులు, బలిపీఠం వెనుక వైపు, గురువులు అనుమతిస్తే గంట గోపురం మెట్లు, ఇవన్నీ తీయవలసినవే. ఫైలు పేరులో ఊరూ, తేదీ, ఏ దిక్కు గోడో రాయండి, అది లేకపోతే ముప్పై ఏళ్ల తరువాత ఆ ఫోటో ఎవరికీ ఉపయోగపడదు. గోడల ఫోటోలను వికీమీడియా కామన్స్‌లో పెట్టవచ్చు. ఒక ప్రతిని మాత్రం పెన్‌డ్రైవ్‌లో వేసి విచారణ కార్యాలయంలో ఇవ్వండి. అక్కడ కూర్చున్న పెద్దావిడ మొదట మన ముఖం వైపు వింతగా చూస్తుంది, ఏ గోడవో, ఎందుకు తీశారో అడుగుతుంది, చాలాసార్లు లేచి వచ్చి మనం చూడకుండా వదిలేసిన మూల ఎక్కడుందో తానే చూపిస్తుంది.